పాత పికప్‌ల రిపేర్ సైటు: సంక్రాంతి నుంచి మామిడి సీజన్ దాకా

జనవరి 16

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మా టాటా 207 పికప్ దాన్ని మరీ సీరియస్‌గా తీసుకుంది. పొద్దున ఆరున్నరకి సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. బ్యాటరీ బాగుంది, ట్యాంకులో డీజిల్ ఉంది. ముందురోజు సాయంత్రం నాన్న డీజిల్ ఫిల్టర్ మార్చాడు, అది అప్పుడు నాకు గుర్తు రాలేదు, ఆయనకీ గుర్తు రాలేదు. మా మెకానిక్ మేస్త్రి గారు అత్తారింట్లో ఉన్నారు. ఫోన్‌లో వెతికితే అన్నీ హిందీ వీడియోలు, ఒక్కోటి పావుగంట, అందులో మొదటి మూడు నిమిషాలు దండాలూ పరిచయాలూ. తెలుగులో రాతపూర్వకంగా ఒక్క పేజీ దొరకలేదు. చివరికి మేస్త్రి గారే ఫోన్ ఎత్తి, అవతల గారెలు నములుతూ, “ఫిల్టర్ మార్చారా? మార్చి నింపకుండా బిగించేసి ఉంటారు, డీజిల్ పైపులో గాలి పట్టేసింది, డీజిల్ హ్యాండ్ పంపు కొట్టండి” అని రెండు ముక్కల్లో చెప్పేశారు. నలభై నిమిషాల తర్వాత బండి స్టార్ట్ అయింది. నాన్న చేతులు కడుక్కుంటూ “నువ్వు కంప్యూటర్‌లో ఏవేవో చేస్తావు కదరా, ఇది రాసి పెట్టొచ్చుగా ఎక్కడో” అన్నాడు.

రాసి పెడదామనే ఈ సైటు. ఎప్పుడు ఏం చేశానో, ఎక్కడ తప్పులో కాలేశానో మర్చిపోకుండా డైరీ కూడా రాస్తున్నాను.

జనవరి 21

ముందు హద్దులు గీసుకోవాలి, లేకపోతే ఇది ఎప్పటికీ పూర్తవదు. మాది 2006 మోడల్ టాటా 207 డీఐ, 2956 సీసీ, నాలుగు సిలిండర్లు. మా నూజివీడు చుట్టుపక్కల తోటల్లో తిరిగే పాత బండ్లలో రెండో రకం మహీంద్రా పికప్, 2523 సీసీ డీఐ ఇంజిన్. ఈ రెండింటికీ రాస్తాను. ఏస్ గురించి కూడా చాలామంది అడుగుతారని తెలుసు (702 సీసీ, రెండే సిలిండర్లు, 2005లో వచ్చింది, మా ఊళ్ళో నీళ్ళ డబ్బాలు వేసేవాళ్ళందరికీ అదే), కానీ దాని సంగతి తర్వాత.

ఇంకో హద్దు ఇంతకంటే ముఖ్యం. మెకానికల్ డీజిల్ పంపు ఉన్న బండ్లకే ఈ సైటు. కామన్ రైల్ బండ్ల (కంప్యూటర్ అదుపులో, చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ పంపే కొత్త రకం) జోలికి పోను. ఎందుకంటే పాత పంపు బండిలో గాలి తీయాలంటే సెల్ఫ్ కొడుతూ నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) దగ్గర పైపు నట్టు కొంచెం వదులు చేస్తాం, అది అందరూ చేసేదే. అదే పని కామన్ రైల్ ఇంజిన్‌లో చేస్తే వందల బార్ల, ఇంజిన్ నడుస్తుంటే వెయ్యి బార్లకి పైన ప్రెషర్‌తో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చెయ్యే పోవచ్చు. కాబట్టి ఎయిర్ లాక్ పేజీలో మొదటి లైను సలహా కాదు, ప్రశ్న: మీ బండి సీఆర్‌డీఐనా (అంటే కామన్ రైలా)? అవును అని నొక్కితే కింద పేజీ తెరుచుకోదు, మెకానిక్ దగ్గరికి వెళ్ళమని ఒక్క వాక్యం కనిపిస్తుంది. మొదట హెచ్చరికని ఎర్ర డబ్బాలో పెట్టాను కానీ, ఎర్ర డబ్బాలు ఎవరూ చదవరు. నేనూ చదవను.

ఫిబ్రవరి 2

మొదటి పేజీ రాసి ప్రింటు తీసుకుని మేస్త్రి గారి షెడ్డుకి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు లుంగీతో తుడుచుకుని మొదటి వాక్యం పైకి చదివారు. “ఇంధన వ్యవస్థలో చేరిన గాలిని తొలగించు విధానము.” చదివి నా వంక చూశారు. షెడ్డులో పనిచేసే కుర్రాడు నవ్వు ఆపుకోలేక బండి కిందకి దూరాడు.

“ఎవరికిరా ఇది? పరీక్షకా?”

నిజమే. పదో తరగతి సైన్సు పుస్తకం భాష అది. అక్కడే కూర్చుని మళ్ళీ రాశాను, ఆయన చెబుతుంటే. ఇప్పుడు పేజీ పేరు “గాలి పట్టేసిందా? ఎయిర్ లాక్ తీయడం”. షెడ్డు మాటలు అలాగే ఉంచాలని ఆ రోజే తేల్చుకున్నాను. స్పానర్ కాదు, పానా. ఆల్టర్నేటర్ అంటే ఎవరూ గుర్తుపట్టరు, డైనమో అనాలి. లీఫ్ స్ప్రింగ్ అంటే పేపర్లో కనిపించే మాట, బండి వాళ్ళకి అది కమాన్ కట్ట. స్టార్టర్ మోటరు అంటే సెల్ఫ్, గ్లో ప్లగ్ అంటే హీటర్ ప్లగ్, యూనివర్సల్ జాయింట్ అంటే జాయింట్ క్రాస్, వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండు అంతా కలిపి హౌసింగ్.

అయితే ఇక్కడో చిక్కుంది. సామాన్ల షాపులో బిల్లు మీద కంపెనీ పేరే రాస్తారు. డబ్బా మీద ఇంకో పేరు. కొత్తగా బండి కొన్నవాడు డబ్బా మీద ఉన్న పేరుతో వెతుకుతాడు, పాతికేళ్ళుగా నడిపేవాడు నోటి మాటతో వెతుకుతాడు. అందుకని ఒక మామూలు టేబుల్ మొదలుపెట్టాను, మూడు వరసలు: మనం అనేది, షాపులో రాసేది, కంపెనీ పుస్తకంలో ఉండేది. ఇవాళ్టికి 61 పేర్లు. అసలు పేజీలకంటే ఇదే ఎక్కువ పనికొస్తుందేమో అని అనుమానంగా ఉంది.

ఫిబ్రవరి 11

వెతికే పెట్టె పెట్టాను. మూడు రోజులు పట్టింది, పట్టాల్సింది ఒక్క పూట.

సైటు మామూలు స్టాటిక్ పేజీలు, డేటాబేస్ లేదు, లాగిన్ లేదు. ఊళ్ళో సిగ్నల్ ఉన్నా లేకపోయినా తెరుచుకోవాలి కదా. అందుకని వెతకడం కూడా ఫోన్‌లోనే జరిగిపోయేలా, పేర్లన్నీ ఒక చిన్న ఫైల్లో పెట్టి బ్రౌజర్‌కి ఇచ్చేశాను. ఇంగ్లీషుతో పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. తెలుగులో “బోల్ట్‌లు” అని కొడితే సున్నా. పేజీలో ఆ మాట కళ్ళెదుట కనిపిస్తోంది, వెతికితే లేదంటోంది. రాత్రి ఒంటిగంటకి తట్టింది, కంటికి కనపడని అక్షరం ఒకటుంది మధ్యలో. పొల్లుకీ తర్వాతి అక్షరానికీ మధ్య అవి అతుక్కుపోకుండా పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సీ. నేను ల్యాప్‌టాప్‌లో రాసేటప్పుడు అది పడుతోంది, ఫోన్ కీబోర్డులో కొట్టేవాళ్ళకి కొన్నిసార్లు పడుతుంది, కొన్నిసార్లు పడదు. కంటికి తేడా పెద్దగా తెలియదు, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు.

పరిష్కారం సులువే. వెతికే ముందు రెండు వైపులా దాన్ని తీసేయడం. అక్కడితో ఆగకుండా దీర్ఘాలన్నీ హ్రస్వాలు చేశాను, ఒత్తు అక్షరాలని మామూలు అక్షరాలు చేశాను, ళ ని ల చేశాను. ఇవన్నీ వెతకడానికి మాత్రమే, కనపడే రాతలో కాదు. అయినా మిగిలింది నాజిల్. నాజిల్, నాజల్, నోజల్, నోజిల్, ఒకాయన నాజులు అని కూడా రాశాడు. వీటికి లెక్కలు పనిచేయవు, ఒక్కోటీ పేర్ల టేబుల్లో చేర్చుకోవడమే.

ఇంకోటి, సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. వాళ్ళ స్పెల్లింగులు వాళ్ళవి. ఇరవై ముప్పై మాటలకి చేతితో రాశాను, మిగతావి చూద్దాం. వెతికినా ఏమీ దొరకకపోతే “ఈ మాట మాకు పంపండి” అని ఒక బటన్ వస్తుంది, నొక్కితే వాట్సాప్ తెరుచుకుని ఆ మాట అందులో సిద్ధంగా ఉంటుంది, పంపడమే. ఈ బటన్‌కి పది నిమిషాలు పట్టింది. మొత్తం సైటులో నేను చేసిన తెలివైన పని ఇదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 25

ఆదివారం షెడ్డులోనే ఉన్నాను ఫొటోల కోసం. పేజీలు ల్యాప్‌టాప్‌లో చూసి బాగున్నాయి అనుకోవడం వేరు, బానెట్ అంచు మీద ఫోన్ పెట్టి, రెండు చేతులకీ నూనె అయి ఉండగా, మధ్యాహ్నం ఎండలో చదవడం వేరు. అరగంటలో తేలిపోయింది. నేను ముచ్చటపడి పెట్టిన నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఎండలో అద్దంలా మారింది, నా మొహమే కనిపిస్తోంది. తెల్ల కాగితం, నల్ల అక్షరాలు, అంతే. అక్షరాలు పెద్దవి చేశాను. లైనుకీ లైనుకీ ఎడం కూడా పెంచాల్సి వచ్చింది, ఇంగ్లీషుకి సరిపోయే ఎడం పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లోకి దిగబడుతున్నాయి. నూనె వేలితో స్క్రోల్ చేయడం ఎవరివల్లా కాదు, అందుకే ఒక్కో మెట్టుకి ఒక్కో తెర, కింద ఇంత వెడల్పు బటన్ “అయ్యింది, తర్వాత?” మోచేత్తో కూడా నొక్కొచ్చు. కుర్రాడు నొక్కి చూపించాడు కూడా.

ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ వస్తుంటే 60 కేబీకి కుదించాను. వెలుతురు పడేలా తీసి, వదులు చేయాల్సిన నట్టు మీద పసుపు రంగు సుద్దముక్కతో గుర్తు పెట్టి తీస్తే, కంప్యూటర్‌లో బాణాలు గీయక్కర్లేదు. ఇది మేస్త్రి గారి ఐడియా.

మార్చి 3

పొగ పేజీ. ఇది రాయడం తేలిక, ఫొటోలు నరకం. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువైంది లేదా గాలి చాలడం లేదు, ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, తర్వాతే నాజిళ్ళు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, రింగులు గానీ వాల్వ్ సీళ్ళు గానీ, టర్బో ఉంటే దాని సీలు గానీ. తెల్ల పొగ రెండు రకాలు: డీజిల్ కాలకుండా బయటికొచ్చేది, అది ముక్కుకి ఘాటుగా తగులుతుంది. రేడియేటర్ నీళ్ళు లోపలికి దిగి ఆవిరై వచ్చేది ఇంకోటి, అలా అయితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోవాలి, రోజూ నీళ్ళు తగ్గుతున్నాయా అని చూసుకోవాలి. చలికాలం పొద్దున్నే రెండు నిమిషాలు కాస్త తెల్లగా వచ్చి పోతే కంగారు అక్కర్లేదు.

ఇంతవరకు బాగానే ఉంది. ఫొటోలో నీలం పొగ నీలంగా కనిపిస్తేగా! ఆకాశం వైపు తీస్తే తెల్లగా, గోడ ముందు తీస్తే బూడిద రంగులో. చివరికి షెడ్డులో చీకటి మూల వైపు బండి వెనక భాగం తిప్పి తీస్తే తెలిసింది నీలం. పేజీలో కూడా అదే రాశాను, మీ బండి పొగ చూసేటప్పుడు వెనక నల్లగా ఏదైనా ఉండేలా చూసుకోండి అని.

మార్చి 17

ఎయిర్ లాక్ పేజీ చూసి ఆగిరిపల్లి నుంచి ఒకాయన ఫోన్. మహీంద్రా పికప్. “అన్నా, నువ్వు చూపించిన చోట హ్యాండ్ పంపు లేదు నా బండికి.” నా ఫొటోలన్నీ మా 207వే. హ్యాండ్ పంపు కొన్ని బండ్లకి ఫిల్టర్ పైనే ఉంటుంది, కొన్నిటికి ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) పక్కన. మధ్యలో పాత ఓనర్లు పైపులు మార్పించి పెట్టుకున్నవి ఇంకో రకం. పాత బండ్లతో ఇదే గొడవ. పదిహేనేళ్ళు తిరిగిన బండి కంపెనీ బండి కాదు, దాని ఓనర్ల బండి. ఆయన్నే ఫొటో పంపమన్నాను, పంపారు, పేజీలో చేర్చాను. పేజీ ఇప్పుడు “హ్యాండ్ పంపు ఎక్కడుందో వెతకండి: ట్యాంకు నుంచి వచ్చే పైపు పట్టుకుని ఇంజిన్ దాకా వేలితో నడవండి” అని మొదలవుతుంది.

ఇంకా ముఖ్యమైనది, గాలి తీయడం చెప్పాను గానీ గాలి ఎందుకు పడుతుందో చెప్పలేదు. ఫిల్టర్ మార్చినప్పుడో, డీజిల్ అయిపోయినప్పుడో పడితే సరే. రోజూ పొద్దున్నే పడుతోందంటే ట్యాంకుకీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. డీజిల్ కారదు అక్కడ, అదే మోసం. ఇంజిన్ నడిచేటప్పుడు ఆ పైపులో పంపు డీజిల్‌ని లాగుతుంటుంది కాబట్టి సందులోంచి గాలి లోపలికి పోతుంది తప్ప డీజిల్ బయటికి రాదు. రాత్రి బండి ఆపాక డీజిల్ మెల్లిగా ట్యాంకులోకి జారిపోతుంది. ఎక్కువసార్లు పాత రాగి వాషర్ మళ్ళీ వాడటం వల్ల, లేకపోతే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర పగిలి. కనిపెట్టడానికి మేస్త్రి గారి పద్ధతి: ఫిల్టర్ ముందు, డీజిల్‌కి తట్టుకునే ట్రాన్స్‌పరెంట్ గొట్టం జానెడు ముక్క తాత్కాలికంగా బిగించి ఇంజిన్ నడిపి చూడటం. బుడగలు వస్తుంటే వెనకాల, ట్యాంకు వైపు ఎక్కడో ఉంది, రాకపోతే ముందుకి వెతకాలి. పని అయ్యాక ఆ గొట్టం తీసేయాలి, అలాగే వదిలేసి తిరగకూడదు. ఈ పేరా రాశాక నాకే మా బండి పొద్దున్నే ఎందుకు మొరాయిస్తోందో అర్థమైంది. రాగి వాషర్, ఐదు రూపాయలు.

ఏప్రిల్ 6

పెద్ద తప్పు చేశాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ డైరీ అన్నాక రాయాలి.

హెడ్ గ్యాస్కెట్ పేజీలో బోల్టులు ఎంత టైట్ చేయాలో ఒక పాత పుస్తకం జిరాక్స్ చూసి అంకె వేశాను. ఆ జిరాక్స్‌లో యూనిట్ ఉన్న మూల చిరిగిపోయింది, నేను పట్టించుకోలేదు, అంకె ఒక్కటే వేసేశాను. అది కిలో మీటర్లలో ఉన్న అంకె (దూరం కిలోమీటరు కాదు, ఒక మీటరు పొడవు రాడ్ చివర ఇన్ని కిలోల బలం అని). ఒక కుర్రాడు దాన్ని న్యూటన్ మీటర్లు అనుకుని టార్క్ పానా అలాగే సెట్ చేశాడు. ఒక కేజీ మీటరు అంటే దగ్గరదగ్గర 9.8 న్యూటన్ మీటర్లు. అంటే కావలసిన దాంట్లో పదో వంతు. అదృష్టం, ఆ పిల్లాడి చేతికే అనుమానం వచ్చింది. “అన్నా, ఇది చేత్తో తిప్పినంతే ఉంది, హెడ్ బోల్టు ఇంత లూజా?” అని మెసేజ్ పెట్టాడు, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే. చేసుంటే మర్నాటికి నీళ్ళూ ఆయిలూ కలిసిపోయేవి.

ఆ రాత్రే సైటులో ఉన్న అంకెలన్నీ తీసేశాను. అన్నీ. రెండు వారాలు కూర్చుని ఒక్కోటీ సరిచూశాక, మేస్త్రి గారు కూడా ఒప్పుకున్నాకే మళ్ళీ పెడతాను, యూనిట్ లేకుండా అంకె సేవ్ అవ్వకుండా ఫైల్లోనే కట్టడి పెట్టాను. హెడ్ బోల్టుల అంకె మాత్రం ఇక పెట్టను, అది ఇంజిన్ నంబరు చెప్పి షోరూం వాళ్ళనో పంపు షాపునో అడగాల్సిందే. బిగించే వరస మాత్రం ఉంచాను, మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకి, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో. అది దాదాపు ఏ హెడ్‌కైనా వర్తిస్తుంది.

ఏప్రిల్ 27

మామిడి కోతలు మొదలయ్యాక సైటు పని ఆగిపోయింది. మా నాన్నకి ఈ రెండు నెలలే సంపాదన, నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి రోజూ ఒక ట్రిప్పు, ఒక్కోసారి రెండు. సెలవు పెట్టి నేనూ క్లీనర్‌గా వెళ్తున్నాను.

మొన్న రాత్రి పదకొండు దాటాక బంగినపల్లి లోడుతో వెళ్తుంటే, ఆగిరిపల్లి దాటాక బండి ఎడమకి లాగడం మొదలుపెట్టింది. గాలి తగ్గిందేమో అనుకున్నాం. దిగి టార్చ్ వేసి చూస్తే టైర్లు బాగున్నాయి. నాన్న బండి వెనక్కి నడిచి, దూరంగా రోడ్డు మధ్యలో నిలబడి, ఒక కన్ను మూసి చూశాడు, వడ్రంగి చెక్క వంక చూస్తాడే అలా. “ఇరుసు పక్కకి వచ్చిందిరా” అన్నాడు. నాకేం కనపడలేదు. ఎడమ వెనక చక్రానికీ తొట్టికీ మధ్య నాన్న చెయ్యి పెట్టి చూపించాడు, కుడి వైపు నాలుగు వేళ్ళు దూరుతున్నాయి, ఎడమ వైపు రెండే. కమాన్ కట్ట సెంటర్ బోల్టు తెగింది. ఆ బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చుని ఇరుసుని కదలకుండా పట్టుకుంటుంది, అది పోతే ఇరుసు ఒకవైపు ముందుకో వెనక్కో జారుతుంది, బండి పీతలా అడ్డంగా నడుస్తుంది. బోల్టు తెగడం వ్యాధి కాదు, లక్షణం. అసలు వ్యాధి కమాన్ కట్టని ఇరుసుకి బిగించి పట్టే యూ బోల్టులు వదులవడం. అవి గట్టిగా ఉన్నంతకాలం సెంటర్ బోల్టు మీద బరువు పడదు.

నాన్న ప్రతి సీజన్ ముందూ సుత్తి తీసుకుని యూ బోల్టు నట్ల మీద ఒక్కోటీ తట్టి వినేవాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే చెక్క మీద కొట్టినట్టు మోగదు. ఈసారి నా సైటు ఫొటోల గొడవలో పడి బండి షెడ్డులోనే నాలుగు రోజులు ఉండిపోయింది, ఆ పని మర్చిపోయాడు. ఆ మాట ఆయన అనలేదు. ఆ రాత్రి సగం లోడు ఇంకో బండిలోకి మార్చి, చీకట్లో ఇరవై కిలోమీటర్ల వేగంతో నడుపుకుంటూ మార్కెట్‌కి చేరేసరికి తెల్లారింది, ధర కూడా పడిపోయింది.

కమాన్ల పేజీ ఇవాళ పూర్తిచేశాను. సుత్తి శబ్దం రికార్డు చేసి పెట్టాను, రెండు రకాలూ. కట్ట కొత్తగా వేయించాక ఒకటి రెండు ట్రిప్పులు లోడు పడగానే యూ బోల్టులు మళ్ళీ బిగించుకోవాలని పెద్ద అక్షరాల్లో రాశాను, ఎందుకంటే పట్టీలు సర్దుకున్నాక అవి వదులవుతాయి, కట్ట వేసిన షెడ్డులో ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ.

మే 5

శబ్దాలు రికార్డు చేయడం అనుకున్నంత సులువు కాదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ఇంజిన్ శబ్దం పంపమంటే అందరూ పంపారు, అన్నిట్లోనూ ఏదో నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంది. ఫోన్ మనిషి గొంతుని పట్టుకోవడానికి ఒకే రకంగా వచ్చే శబ్దాన్ని రొద అనుకుని తీసేస్తుంది. మాకు కావలసింది ఆ రొదే. వీడియో తీసి అందులోంచి శబ్దం తీసుకుంటే చాలావరకు బాగుంది. ఇరవై సెకన్ల ముక్క ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో 120 కేబీ. బెల్టు కీచు, హబ్ బేరింగ్ గురక, ట్యాపెట్ల టకటక, ప్రస్తుతానికి ఈ మూడే.

“ఈ మాట మాకు పంపండి” బటన్ నుంచి ఈ నెలలో ఎక్కువగా వచ్చింది: “సెల్ఫ్ కొడితే టక్ అంటుంది అంతే”. నేను సెల్ఫ్ పేజీలో సొలినాయిడ్ గురించి ఎంతో రాశాను కానీ టక్ అనే మాట ఎక్కడా లేదు! ఇప్పుడు అదే పేజీ పేరు. ముందు బ్యాటరీ టెర్మినళ్ళు, వాటి మీద తెల్లగా పొడి. తర్వాత ఎర్త్ పట్టీ. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఆ జడ లాంటి తీగ తుప్పు పట్టి సగం పోయి ఉంటుంది పాత బండ్లలో, లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్‌కి కావలసినంత కరెంటు మాత్రం రాదు. పరీక్ష ఇది: బండి న్యూట్రల్‌లో పెట్టి, జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని చోట పట్టించి సెల్ఫ్ కొట్టండి. తిరిగితే తప్పు ఎర్త్‌ది. ఇద్దరు ముగ్గురు సెల్ఫ్ మోటరు మార్పించుకున్నాక ఈ పేజీ చదివారు, తిట్టారు, నన్ను కాదు.

మే 19

బ్రేకుల పేజీ గురించి మేస్త్రి గారితో వాదన. ఆయన మాట: బ్రేకులు అసలు పెట్టొద్దు. నా మాట: పెట్టకపోతే వాళ్ళు ఎక్కడో చూసి చేస్తారు. చివరికి కుదిరిన రాజీ, కనిపెట్టడం వరకు రాస్తాం, విప్పడం రాయం. పెడల్ రాయిలా గట్టిగా ఉంటే బూస్టర్‌కి (పెడల్ తొక్కేటప్పుడు కాలికి సాయం చేసే డబ్బా) వ్యాక్యూం అందడం లేదు. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయాలి. పెడల్ కొంచెం కిందకి దిగితే బూస్టర్ పనిచేస్తోంది, దిగకపోతే పైపో, వాల్వో, బూస్టరో, వ్యాక్యూం పంపో. ఆ పంపు చాలా బండ్లలో డైనమో వెనకే ఉంటుంది, దాని సీలు పోతే ఆయిల్ డైనమోలోకి దిగి ఛార్జింగ్ కూడా పోతుంది, అందుకే బ్రేకు గట్టిపడి, బ్యాటరీ లైటు కూడా వెలిగితే రెండు రోగాలు కాకపోవచ్చు. పెడల్ స్పాంజిలా ఉంటేనో, మెల్లిగా కిందకి జారిపోతుంటేనో, అక్కడితో పేజీ అయిపోతుంది: బండి తీయకండి, మెకానిక్‌ని బండి దగ్గరికే పిలవండి.

ఈ మధ్య ఆయన్ని అడిగాను, ఇవన్నీ రాసేస్తే మీకు పని తగ్గదా అని. “రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఎయిర్ లాక్ ఎలా తీయాలని అడిగేవాళ్ళు నాకు డబ్బులిస్తారా? ఇప్పుడు నీ లింకు పంపి పడుకుంటున్నా” అన్నారు. అంతే, ఇంకేం పెద్ద ఉద్దేశాలు లేవు ఆయనకి.

జూన్ 15

సీజన్ అయిపోయింది, కలెక్టర్ మామిడికాయలు కూడా అయిపోయాయి, బండి కడిగి పెట్టాం. లెక్క: 23 పేజీలు, 148 పేర్లు టేబుల్లో, డొమైన్‌కి తప్ప రూపాయి ఖర్చు లేదు. ఒకసారి తెరిచిన పేజీ తర్వాత నెట్ లేకపోయినా వస్తుంది, నాన్న తోటలో చూసుకున్నాడు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పేజీ పెట్టాను, ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏటా చేయించాలి కాబట్టి దానికి ముందు చూసుకోవలసినవి, లైట్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, హారన్, హ్యాండ్ బ్రేకు, నంబర్ ప్లేటు. డూప్లికేట్ సామాన్లని గుర్తుపట్టడం అని ఒక పేజీ రాసి తీసేశాను, నాకే సరిగ్గా తెలియదు, డబ్బాలు చూసి చెప్పేంత కన్ను నాకు లేదు.

తెలంగాణ నుంచి ఒకాయన ఈ వారం రాశారు, “మేం తొట్టి అనం, డాలా అంటం, కొంచెం అది కూడా ఎక్కియ్యరాదు.” ఎక్కించాను. ఆయనే అడిగారు గేర్‌బాక్స్ గురించి ఎందుకు లేదని, మూడో గేరు జారిపోతోందట. నిజానికి నేను ఎప్పుడూ గేర్‌బాక్స్ లోపల చూడలేదు. మేస్త్రి గారు రేపు ఒక 207ది విప్పుతున్నారు, ఆరింటికల్లా రమ్మన్నారు. సుద్దముక్క అయిపోయింది, కొత్తది కొనాలి, టార్చ్‌కి సెల్లులు కూడా.